ట్రేలో మిగిలిన కాగితం

"సంతకం పెట్టేశానండీ. ఇదిగో, చూసుకోండి. ఎక్కడికి తీసుకురావాలో ఆ ఒక్క ముక్క చెప్పమనండి వాళ్ళని."

ఆఫీసు గుమ్మంలో నేను అడుగు పెట్టీ పెట్టగానే ఇంజనీరమ్మ నా చేతిలో ఫైలు పెట్టి అన్న మాట అది. నమస్కారం లేదు, మీరెవరని అడగడం లేదు. వాళ్ళ అక్క నన్ను పంపుతున్నట్టు ముందే ఫోన్ చేసి చెప్పిందట. రాత్రంతా ఏడ్చిన కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి గానీ గొంతు మాత్రం పొడిగా ఉంది. అలాంటి గొంతంటేనే నాకు భయం. ఏడ్చేవాళ్ళని ఓదార్చొచ్చు. ఏడుపు అయిపోయినవాళ్ళతో ఏం చెయ్యాలో పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు, అది వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాకా తెలియలేదు.

ఆవిడ కూతురు, ఏడేళ్ళ పిల్ల, ఇంట్లో బుడ్డి అంటారు. నిన్న సాయంత్రం బడి గేటు దగ్గర "మీ అమ్మ పంపింది" అని ఎవరో చెప్తే కారెక్కింది. అంతే, మళ్ళీ ఇంటికి రాలేదు. పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ఇంజనీరమ్మ బల్ల పక్కనున్న ప్రింటర్ మీద ఒక కాగితం పడి ఉంది. పెద్ద పెద్ద అక్షరాలతో పై నుంచి కింద దాకా నిండిపోయిన కాగితం. పిల్ల మా దగ్గరుంది, ఆరంతస్తుల కట్టడం గట్టిదేనని రిపోర్టు రాసి సంతకం పెట్టు, పోలీసులకి చెప్తే పిల్ల దక్కదు అని రాసి, చివర్న ఇలా ఉంది:

"సంతకం పెట్టిన రిపోర్టు తీసుకుని నువ్వు ఒక్కదానివే రావాల్సిన చోటు"

అక్కడితో ఆగిపోయింది. చోటేదో లేదు.

"ఫోన్ చేస్తారేమో అనుకున్నానండీ. పొద్దున్నుంచి చేతిలోనే పట్టుకున్నాను. ఒక్కసారి కూడా మోగలేదు," అంది.

"ఆ కట్టడం సంగతేంటమ్మా?"

"స్తంభాలు నిలవవండీ. కింద సెల్లార్‌లో చేత్తో గీకితే సిమెంటు రాలుతోంది. అందులో నలభై కుటుంబాలు కాపురం పెడతాయి. మూడు నెలలుగా నేను సంతకం పెట్టనంటున్నాను." ఫైలు వైపు చూసింది. "ఇప్పుడు చేత్తో రాసి పెట్టేశాను. పాపమో పుణ్యమో తర్వాత చూసుకుంటాను. నా పిల్ల ఇంటికొస్తే చాలు."

ఏమంటాం? నేను ఫైలు చంకలో పెట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. నిన్న ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాను.

"ఏముందండీ చెప్పడానికి! ఈ ప్రింటర్ దగ్గరే ఉన్నాను. రెండు కాగితాలు పెట్టి మొదటిది ప్రింట్ తీసుకోగానే బడి నుంచి ఫోనొచ్చింది, మీ పాప మీరు పంపిన కారులో వెళ్ళింది కదా, పుస్తకాల సంచీ మర్చిపోయింది అని. నేను కారెక్కడ పంపానూ? చేతిలో ఉన్నది చేతిలోనే పట్టుకుని పరిగెత్తాను."

బల్ల కింద నా కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే కొత్త రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా వచ్చేవి.

"సైటుకి వెళ్ళేటప్పుడు వేసుకునేవండీ అవి. పొద్దున పెద్దసారు స్టోరు నుంచి తెప్పించారు. వాళ్ళు రమ్మన్న చోటు ఎలా ఉంటుందో ఏమో, దగ్గర పెట్టుకో అన్నారు," అంది.

పెద్దసారంటే ఆ ఆఫీసు యజమాని. కట్టడాలు గట్టివో కాదో చూసి కాగితమిచ్చే కంపెనీ అది, ఆయన ముప్ఫై ఏళ్ళ కింద పెట్టినది. మాటల్లోనే ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల జుట్టు, చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

"ఏమ్మా, ఇంకా ఇక్కడే కూర్చున్నావా?" అన్నాడు ఆవిడతో. గ్లాసు అందిస్తున్న చెయ్యి వణుకుతోంది. "ఇట్లా కూర్చుంటే ఎట్లా తల్లీ? పిల్ల సంగతి ఆలోచించు. నేను తీసుకెళ్తాను, కారుంది, పద."

"ఎక్కడికి సార్?" అంది ఆవిడ.

ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఇంటికే తల్లీ, కాసేపు నడుం వాల్చుకుందువు గాని," అన్నాడు. పాపం పెద్దమనిషి, సొంత కూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడనుకున్నాను. నా బుద్ధికి అప్పుడు అంతే తట్టింది.

"వచ్చారా మేడంగారూ! మీరింకా రాలేదేమా అనుకుంటున్నా," అని వెనక నుంచి గొంతు వినపడింది.

తిరక్కుండానే తెలిసింది. గడియారం. ఆ పేరు నేనే పెట్టాను, మా స్టేషన్‌లో కొత్తగా చేరినప్పుడు మాటకోసారి చేతి గడియారం చూసుకునేవాడని. అప్పట్లో నా కింద పనిచేసి, 'అక్కా అక్కా' అని వెంట తిరిగేవాడు. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు నేను 'మేడంగారు', అదీ వెటకారంగా. నిన్న బడివాళ్ళే పోలీసులకి చెప్పేశారట, కేసు వాడి చేతికొచ్చింది.

"కేసు అయిపోయింది. దొంగ దొరికాడు. కక్కించడమే మిగిలింది," అన్నాడు, గడియారం చూసుకుంటూ.

"పిల్ల దొరికిందా?"

"దొరుకుతుంది."

"అయితే కేసు అయిపోలేదు. పద, నీ దొంగనోసారి చూపించు," అన్నాను.

*

దొంగ అన్నది ఆ ఆఫీసులో కంప్యూటర్లూ ప్రింటర్లూ చూసే మనిషిని. అందరూ అతన్ని 'ప్రింటర్ బావ' అంటారు. ఎప్పుడో అతని మరదలు అక్కడ పనిచేస్తూ బావా అని పిలిచిందట. ఆ అమ్మాయి మానేసి వెళ్ళిపోయింది, పిలుపు మాత్రం అక్కడే ఉండిపోయింది. అకౌంట్స్‌లో ముసలాయనతో సహా అందరికీ అతను బావే. మీటింగ్ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి పక్కన కానిస్టేబుల్‌ని నిలబెట్టారు. చెంప వాచి ఉంది.

"కొట్టావా?" అన్నాను గడియారంతో.

"పిల్ల ప్రాణం మేడం. ముద్దు పెట్టుకోమంటారా?" అంటూ ఒక కాగితం నా ముందుకి తోశాడు. "నిన్న రాత్రి ఆ ప్రింటర్‌కి వచ్చింది ఒకే ఒక్క పని. అది ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఈయనగారి పేరు. ఆ కట్టడం బిల్డర్ పొద్దున్నుంచి మా స్టేషన్‌లోనే ఉన్నాడు. ఆరంతస్తులూ వెతికించాను, పిల్ల అక్కడ లేదు. వాడికి ఈ ఆఫీసులో మనిషున్నాడు. ఈ మనిషే."

"అయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి! ఆ పాత సెట్టింగ్‌లో ఎవరు పంపినా నా పేరే పడుతుంది," అన్నాడు బావ. ఏడుపు గొంతులోనే ఉంది.

"ఏ పాత సెట్టింగ్? నాకు చెప్పండి. కంప్యూటర్ రానివాళ్ళకి చెప్పినట్టు చెప్పండి," అన్నాను.

బావ ముక్కు తుడుచుకున్నాడు. "ఇప్పుడందరికీ కార్డులిచ్చామండీ. ప్రింట్ ఇస్తే అది లోపలే ఆగుతుంది. మనిషి వచ్చి కార్డు చూపిస్తేనే కాగితం బయటికొస్తుంది, ఎవరిదో పేరు పడుతుంది. అంతకు ముందు ఇదేమీ లేదు. 'డైరెక్ట్' అని ఉండేది. ఇక్కడ నొక్కితే అక్కడ పడుతుంది, కార్డూ లేదు, మనిషీ అక్కర్లేదు. ఆ డైరెక్ట్ దారి పెట్టింది నేను. అందుకని దాంట్లో వెళ్ళినవన్నీ నా పేరు మీదే రాసుకుంటుంది ఆ సాఫ్ట్‌వేర్. తీసేద్దాం సార్ అని మూడేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా."

"మరి తియ్యలేదేం?"

"పెద్దసారు ససేమిరా అన్నారు. నా ఆఫీసులో నేను కార్డు పట్టుకుని మిషన్ ముందు నిలబడాలా అన్నారు. అందరి కంప్యూటర్లలోనూ ఆ పాత దారి అలాగే ఉండిపోయింది. ముప్ఫై మందిలో ఎవరైనా నొక్కి ఉండొచ్చు. మరి పొద్దున ఆయనే పిలిచి, ఇవ్వాళే తీసెయ్ అన్నారు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్తారు కదా అని ఒంటిగంటకి దానంతటదే పోయేలా పెట్టాను. పెట్టి లేచేసరికి వీళ్ళొచ్చి కాలరు పట్టుకున్నారు."

నేను గడియారం వైపు తిరిగాను. "ఇది నీకు తెలుసా?"

"తెలుసు. పెద్దసారు నాతోనే అన్నారు, ఆ దారి మూసేస్తే ఇంకో బెదిరింపు ఉత్తరం రాదు కదా అని. మంచి ఆలోచనే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇంకో ఉత్తరం రాకూడదా? రావాలయ్యా! బయట ఆ తల్లి సంతకం పెట్టి కూర్చుంది, ఎక్కడికి వెళ్ళాలో తెలియక. ఉత్తరం సగంలో తెగిపోయింది. మిగతా సగం కోసం కదా పొద్దున్నుంచి ఆవిడ చచ్చిపోతోంది!"

"తెగిపోలేదు. వాళ్ళు కావాలనే ఆపారు, ఏడిపించడానికి. మీరు వచ్చారు కాబట్టి చెప్తున్నా, ఇలాంటి కేసులు నేను చాలా చూశాను."

"నువ్వు చూసినవాటిలో సగం నా పక్కన నిలబడి చూసినవే. బావా, ఆ ఒంటిగంట పని ఆపగలరా?"

"నా కంప్యూటర్ ఇస్తే చిటికెలో ఆపుతా."

"చాల్లే! ముద్దాయి చేతికి కంప్యూటరిచ్చి, బాబూ నీ సాక్ష్యం నువ్వే చెరుపుకో అంటానా? అది సీలు వేసి జీపులో పెట్టించాను. జీపు ల్యాబుకి వెళ్ళింది కూడా," అన్నాడు గడియారం.

వాడితో ఇంక వాదించి లాభం లేదు. బెదిరింపు కాగితం నా ముందే ఉంది, ప్లాస్టిక్ కవర్లో. ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాను. ఒక అంచున సన్నగా ఆకుపచ్చ గీత కనపడింది.

"ఆ గీతేంటి?"

"అదే కదా అసలు సాక్ష్యం! అది ఇంజనీరమ్మ కట్టలోని కాగితం. ఆవిడ సొరుగులోంచి ఎవడో కొట్టేశాడు. అంటే లోపలివాడే," అన్నాడు గడియారం ఛాతీ విరుచుకుని.

బావ తలూపాడు. "మా ఆఫీసులో పేపర్ కట్టలు లెక్కండీ. మనిషికి నెలకి ఒక కట్ట. అయిపోతే సొంతంగా కొనుక్కోవాలి. పెద్దసారి రూలు. ఒకరి కాగితం ఇంకొకరు వాడేసుకుంటున్నారని అందరూ కట్ట అంచు మీద రంగు పెన్సిల్‌తో గీతలు గీసుకున్నారు. ఇంజనీరమ్మది ఆకుపచ్చ, నాది ఎరుపు. కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేసుకుంటారు. ప్రింట్ కావాలంటే ఎన్ని కావాలో అన్నే తీసుకెళ్ళి ట్రేలో పెట్టుకుంటారు. ఒక్కటి ఎక్కువ పెట్టినా తిరిగొచ్చేసరికి ఉండదు కదండీ."

"అంటే ఆ ట్రే ఎప్పుడూ ఖాళీయే?"

"ఎప్పుడూ ఖాళీయే. కాగితం లేదని మిషన్ మీద నారింజ రంగు లైటు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ లైటు వెలగని రోజు లేదు. దాన్నెవరూ పట్టించుకోరు."

నిన్న సాయంత్రం ఇంజనీరమ్మ రెండు కాగితాలు పెట్టింది. ఒకటి చేతిలో పట్టుకుని పరిగెత్తింది.

కాగితం కింద పెట్టేశాను. "బావా, జాగ్రత్తగా చెప్పండి. ఆ డైరెక్ట్ దారిలో రెండు పేజీలు పంపితే, ట్రేలో ఒక్క కాగితమే ఉంటే ఏమవుతుంది?"

"ఒకటి కొడుతుంది. రెండోది లోపలే పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా కాగితం పెట్టగానే అది..." బావ నోరు అలాగే ఉండిపోయింది. "అమ్మో!"

"ఒంటిగంటకి ఆ దారి తీసేస్తే?"

"గిన్నె పారేస్తే గిన్నెలో ఉన్నదీ పోతుంది కదండీ. దాంట్లో ఆగి ఉన్నవన్నీ పోతాయి. మళ్ళీ తీసుకురావడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు."

"పొద్దున్నుంచి ఆ ప్రింటర్‌లో ఎవరూ కాగితం పెట్టలేదా?"

బావ గడియారం వైపు చూశాడు. గడియారం మొహంలో రంగు మారింది. "నేనే... ఎవరూ ముట్టుకోకూడదని టేపు వేయించాను," అన్నాడు.

"టైమెంత?"

జీవితంలో మొదటిసారి వాడు గడియారం చూసుకోవడానికి భయపడ్డాడు. "అయిదు నిమిషాల తక్కువ ఒంటిగంట."

*

పరిగెత్తాను. హాలంతా ఖాళీ, అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు. ప్రింటర్ చుట్టూ నాలుగు వైపులా పసుపు టేపు. లోపల నారింజ లైటు కొట్టుకుంటూ ఉంది, వెలుగుతూ, ఆరుతూ. పొద్దున్నుంచి దాని పక్కనే కదా ఆ తల్లి కూర్చుంది, ఫోన్ వైపు చూస్తూ.

టేపు పట్టుకుని లాగాను. వెనకాలే వచ్చిన గడియారం నా చెయ్యి పట్టుకున్నాడు. "సీలు! కోర్టులో నన్ను తింటారు! ఫోరెన్సిక్ వాళ్ళు వచ్చేదాకా..."

"వాళ్ళొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. వదులు."

"మీకు ఉద్యోగం లేదు, పోయేదేమీ లేదు. నాకు పెళ్ళాం పిల్లలున్నారు మేడం!"

"నీకున్నారు. ఆ తల్లికి ఒక్కతే ఉంది. వదల్రా!"

వదిలాడు. ట్రే బయటికి లాగాను. ఖాళీ. ఇంక కాగితం కావాలి. ఎక్కడి నుంచి తేను? పక్క బల్ల సొరుగు తాళం. దాని పక్కది తాళం. ఆ వరసంతా లాగి చూశాను, దిక్కుమాలిన ఆఫీసు, ఒక్క సొరుగు కదల్లేదు. చంకలో ఇంజనీరమ్మ ఇచ్చిన రిపోర్టుంది, అందులో వెతికితే ఖాళీ కాగితం ఒక్కటి లేదు, అన్నీ రెండు వైపులా నింపేశారు. కాగితం పొదుపు కదా! నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై మంది పనిచేసే చోట ఒక తెల్ల కాగితం దొరక్క ఒక పిల్ల ప్రాణం పోతుందా అని నిజంగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అప్పుడు గడియారం చేతిలో కేసు ఫైలు కనపడింది. లాక్కున్నాను.

"అది కేసు ఫైలు!"

"వెనకాల తెల్ల కాగితాలుంటాయి. నాకు తెలియదా? ఆ ఫైలు కట్టడం నేర్పింది నేనే!"

నాలుగైదు కాగితాలు చింపి ట్రేలో పడేసి లోపలికి నెట్టాను. మిషన్ ఏమీ అనలేదు. నేను దాని నెత్తి మీద అరచేత్తో కొట్టాను. "ప్లీజ్ తల్లీ," అన్నాను. మిషన్‌ని తల్లీ అన్నానని తర్వాత గడియారం ఎవరికీ చెప్పలేదు, అది వాడి మంచితనం.

లోపల ఏదో తిరిగింది. నారింజ లైటు పోయి ఆకుపచ్చ లైటు వచ్చింది. ఒక కాగితం మెల్లగా, వెచ్చగా నా చేతిలోకి వచ్చింది.

ఇద్దరం ఒకేసారి చదివాం.

"కూలగొడుతున్న పాత సినిమా హాలు. వెనక వైపు నుంచి సెల్లార్‌లోకి దిగు. నీళ్ళు తోడే మోటారు ఆపేశాను. నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పిల్లని దిమ్మ మీద కూర్చోబెట్టాను, మధ్యాహ్నం దాకా ఫరవాలేదు. తర్వాత నీ ఇష్టం. లోపల బురద. రబ్బరు బూట్లు వేసుకుని రా."

గడియారం పెద్దగా ఊపిరి వదిలాడు. "సినిమా హాలు! బస్సు డిపో వెనకాలే! పది నిమిషాల్లో..." అని వైర్‌లెస్ తీశాడు.

నేను కదల్లేదు. నా కళ్ళు ఆ చివరి మాట మీదే ఆగిపోయాయి.

రబ్బరు బూట్లు.

ఈ పేజీ ఇప్పుడే పుట్టింది. దీన్ని ప్రపంచంలో ఎవరూ చదవలేదు, రాసినవాడు తప్ప. మరి పొద్దున్నే స్టోరు నుంచి బూట్లు తెప్పించి ఇంజనీరమ్మ కాళ్ళ దగ్గర పెట్టిందెవరు? "ఇంకా ఇక్కడే కూర్చున్నావా" అని వణికిపోతూ అడిగిందెవరు? ఆయన దృష్టిలో ఆవిడ రెండు పేజీలూ చదివేసింది. నీళ్ళు పెరుగుతున్నాయని తెలిసి కూడా తల్లి కదలకుండా కూర్చుందేమిటా అని ఆ పెద్దమనిషి పొద్దున్నుంచి తల పట్టుకుంటున్నాడు. "ఎక్కడికి సార్" అని ఆవిడ అడిగినప్పుడు, చదవలేదని అప్పుడర్థమైంది ఆయనకి. అందుకే ఆవిడ మొహంలోకి అంతసేపు చూశాడు.

ఇంకా ఉంది. ట్రేలో కాగితం పెట్టకుండా ప్రింట్ ఇచ్చే మనిషి ఈ ఆఫీసులో ఎవరు? అటెండరు దగ్గర నుంచి అకౌంట్స్ ముసలాయన దాకా ఎవరూ అలా చెయ్యరు. నిద్రలో లేపి అడిగినా, కాగితం పెట్టావా అని ముందు అదే అంటారు. ఆ రూలు పెట్టిన మనిషి ఒక్కడే ఏనాడూ కాగితం పెట్టలేదు. ఆయన గదిలో నొక్కితే చాలు, ఎవరో ఒకరు సొంత కాగితం పెట్టి, తీసి, బల్ల మీదికి తెచ్చిస్తారు. కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయో ముప్ఫై ఏళ్ళుగా ఆయన అడగలేదు. అర్ధరాత్రి దొంగతనంగా పంపినప్పుడు కూడా ఆ సంగతి గుర్తు రాలేదు. మనుషుల్ని సైట్లకి పంపి పంపి అలవాటైన నోరు, బూట్లు వేసుకోమనడం మాత్రం మర్చిపోలేదు.

"పెద్దసారు," అన్నాను.

"ఏంటి?"

"పెద్దసారేనయ్యా! బిల్డర్ డబ్బు తిన్న మనిషి ఆయనే. ఇంజనీరమ్మేదీ?"

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల కింద వంగి చూశాను. బూట్లు లేవు.

గుమ్మం దగ్గర అన్నం తింటున్న రిసెప్షన్ అమ్మాయి టిఫిన్ డబ్బా మూసి లేచి నిలబడింది. "పెద్దసారు తీసుకెళ్ళారండీ, మీరు లోపలికి వెళ్ళగానే. ఇంట్లో కాసేపు పడుకుందువు గాని రా తల్లీ అని. ఆవిడ రానంటే, పద పద అని ఆయనే చెయ్యి పట్టుకుని లేపారు. బూట్లు కూడా ఆయనే పట్టుకున్నారు. చూస్తే ఎంత బాధేసిందో!"

సంతకం మాత్రమే కావాల్సినవాడైతే ఆ కాగితం తన బల్ల మీద పెట్టించుకుంటే సరిపోయేది. ఆవిడని సెల్లార్‌లోకి ఎందుకు రమ్మంటాడు? బెదిరించి పెట్టించిన సంతకమని రేపు చెప్పడానికి ఆవిడ ఉండకూడదు కనుక. కారెవరిదో చెప్పడానికి పిల్ల ఉండకూడదు కనుక.

"అక్కా," అన్నాడు గడియారం. ఎన్నేళ్ళయింది వాడి నోట ఆ పిలుపు విని! "బావని నేను... అక్కా, నేనేం చేశాను?"

"ఏడుపు తర్వాత. సైరన్ లేకుండా పంపు మనుషుల్ని. సైరన్ వినపడితే ఇద్దరూ మిగలరు. పద, కారు తియ్యి."

మెట్లు దిగుతూ ఇంజనీరమ్మ నంబరు కొట్టాను. పొద్దున్నుంచి చేతిలో పట్టుకున్న ఫోన్ కదా, ఎత్తుతుందేమో అని. మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. "నేనమ్మా, ఆఫీసు నుంచి," అన్నాను.

"మేడంగారా? చెప్పండి." పెద్దసారి గొంతు. అదే మర్యాద, అదే మెత్తదనం. "అమ్మాయికి ఒంట్లో బాగాలేదండీ, పడుకుంది. నేనే మాట్లాడుతున్నా."

పడుకున్న మనిషి ఉన్న ఇంట్లో ఆ చప్పుడుండదు. నీళ్ళలో ఎవరో అడుగు వేస్తున్న చప్పుడు, బోలుగా, పెద్ద గదిలో మోగినట్టు. దాని వెనక, ఎక్కడో దూరంగా, సన్నటి గొంతు "అమ్మా" అని పిలిచింది.

బతికుంది! మెట్టు మీదే నిలబడిపోయాను. గడియారం నా మొహం చూసి ఆగిపోయాడు. నేను వేలు నోటి మీద పెట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలి. ఆయన ఆగేలా చెప్పాలి. మేమక్కడికి చేరేదాకా ఆ తల్లీ పిల్లలతో ఆయనకి ఇంకా పని మిగిలి ఉండాలి.

అప్పుడు గుర్తొచ్చింది చంకలో ఉన్నదేమిటో. గుమ్మంలోనే ఆవిడ నా చేతిలో పెట్టింది. మళ్ళీ తీసుకోలేదు. ఆవిడ సంచీలో ఉందనుకుని ఆయన చూసుకుని ఉండడు.

"ఏం లేదు సార్," అన్నాను. వీలైనంత మామూలుగా అన్నాను. "ఆవిడ సంతకం పెట్టిన రిపోర్టు నా దగ్గరే ఉండిపోయింది. ఎక్కడికి తీసుకురమ్మంటారు?"

అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినపడుతోంది. నేను లోపల్లోపల ఎవరెవరికి మొక్కుకున్నానో నాకే తెలియదు.

"సినిమా హాలు మీకు తెలుసు కదా," అన్నాడు చివరికి. ఆ మెత్తదనం ఇప్పుడు లేదు. "మీరొక్కరే రండి మేడం. లోపల బురదగా ఉంది, బూట్లు వేసుకుని రండి."